న్యాయవాదులును స్థానిక పరిపాలనమును
(వార్షిక మహాసభయందు గావింపబడిన ప్రసంగము)



న్యాయవాదవృత్తియందున్న మాకు ఈ సభలో మాటలాడు నవకాశ మొసగినందులకు కృతజ్ఞులము. పురపాలక సంఘములకును పంచాయతీలకును ఎన్నికలు వచ్చినప్పుడెల్ల, “మనలో వకీలున్నాడు గదా, అతనిని నిలువబెట్టుదము” అను మాట మన యిండ్లలో వినబడుచుండును. సంతోషింపదగిన మాటయే. కాని నిలుచువాని ధర్మమెట్టిది? నిలువబెట్టువారి ధర్మమెట్టిది? ఈ రెండు ప్రశ్నలను నేడు మీ ముందుంచ దలచితిమి.

స్థానిక స్వపరిపాలనమును గూర్చి రిప్పన్ ప్రభువు 1882 మే 18వ తేదీన తీర్మానము వెలువరించిన పిమ్మట, ఆ సభలలో న్యాయవాదులు పెక్కుచోట్ల ప్రముఖులైరి. బొంబాయి నగరపాలనమునకు పునాదులు వేసిన ఫిరోజిషా మెహతాగారు బారిష్టరు. రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షత వహించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆనాటికి అచ్చటి ప్లీడరు. సేలములో 1917 మొదలు 1919 వరకు చక్రవర్తి రాజగోపాలాచారిగారును, అహమ్మదాబాదులో 1924 మొదలు 1928 వరకు వల్లభభాయి పటేలుగారును అట్టి పదవులనే నిర్వహించిరి. ఇందులకు కారణము లేకపోలేదు. పురపాలనము శాసనమునుబట్టి నడచునది. పన్ను విధించుటకును, ఆక్రమణ తొలగించుటకును, కంట్రాక్టు నిచ్చుటకును వేర్వేరు విధులు, నోటీసులు, గడువులు గలవు. అవి యెరుగని సభ్యుడు కార్యాలయమువారు చూపినచోట చేవ్రాలు చేసి యింటికి వచ్చును.

నేటి శాసనస్థితియు ఇట్టి జ్ఞానమునే కోరుచున్నది. 1992లో ఆమోదింపబడిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి. పదునొకండవ షెడ్యూలునందు పంచాయతీలకు 29 విషయములును, పండ్రెండవ షెడ్యూలునందు పురపాలక సంఘములకు 18 విషయములును పేర్కొనబడినవి. కాని వానిని అప్పగించు అధికారము రాష్ట్ర శాసనసభలదే. కావున ఏది మనకు చెందినది, ఏది యింకను చెందలేదు, దేనిని అడిగి సాధింపవలయును అని సభలో విప్పిచెప్పగలవాడొకడు కావలయును. చదువుకొన్న న్యాయవాది ఈ పనికి ముందుకు రాక తన గదిలో కూర్చుండుట న్యాయము కాదని మా నమ్మకము.

అయినను, న్యాయస్థానమున శోభించు గుణములన్నియు పురపాలక సభలో శోభింపవు. అచ్చట మనకు ఒకే కక్షిదారు. అతనికి మేలైనదానిని చెప్పి, తక్కినదానిని ఎదుటి వకీలునకు విడిచిపెట్టుదుము. ఇచ్చట ఎదుటిపక్షమువాడును మన కక్షిదారే. కొళాయి రాని వీధియు, రెండు పూటల నీరు వచ్చు వీధియు మన వకాల్తులోనివే. అచ్చట వాయిదా యొక యుపాయము. ఇచ్చట మురుగుకాలువ వాయిదా వేసినకొలది జ్వరములు పెరుగును. అచ్చట వాదమున గెలిచిన చాలును. ఇచ్చట వాదమున గెలిచియు వీధిదీపము వెలుగనిచో ఓడినట్లే.

పటేలుగారు 1917లో అహమ్మదాబాదు పురపాలక సంఘ సభ్యులై, పారిశుద్ధ్య సంఘమునకు నాయకత్వము వహించిరి. ఆ సంవత్సరమే ప్లేగు వచ్చి జనులు ఊరు విడిచిపోవుచుండగా, వారు పట్టణముననే నిలిచి శుభ్రత పనులను స్వయముగా చూచుకొనిరి. సంపాదన గల బారిష్టరునకు ఆ గల్లీలలో ఫీజు నిచ్చువాడెవడు? రాజగోపాలాచారిగారు అధ్యక్షులుగా నున్న కాలముననే సేలము పురపాలక సంఘములో తొలి దళిత సభ్యుని ఎన్నిక వారి పూనికచే జరిగెను. తన కులమువారి మెప్పును మాత్రమే చూచుకొను నాయకుడు ఆ పని చేసియుండడు.

మరియొక విషయము. ఒక సంస్థ నిర్వహణసంఘమున సభ్యుడైన న్యాయవాది ఆ సంస్థ పక్షమునగాని దానికి ప్రతిపక్షముగాగాని వాదింపరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమము. దాని అక్షరము ఎంతవరకు వర్తించునని తర్కించుటకంటె, దాని ఆశయమును పాటించుట మేలు. పురపాలక సంఘముతో వ్యాజ్యము గల కక్షిదారుని అతడు సగౌరవముగా వేరొక న్యాయవాదికి అప్పగింపవలయును. తన కక్షిదారునికి లాభనష్టములు గల తీర్మానము సభకు వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పి, చర్చనుండి తొలగవలయును. ఇందువలన వృత్తి కొంత సన్నగిల్లును. ఆ నష్టము నోర్చుకొనలేనివాడు నామినేషను వేయకుండుటయే ఉచితము.

ఇక మన ధర్మము. సోదరులారా, ఈ మాట కొంచెము కటువుగా దోచిన మన్నింపుడు. మనవాడు ఎన్నికైన మరునాడే అతని గుమ్మమునకు మొదట పోవువారము మనమే. ఒకరికి ప్లానుకు మించి కట్టిన గోడ నిలువవలయును, ఒకరికి కంట్రాక్టు కావలయును, వేరొకరికి పన్ను తగ్గవలయును. “ఓటు వేసితిమి గదా, ఖర్చును పెట్టితిమి గదా” అందుము. అతడు కాదన్నచో కులద్రోహి యందుము. ఔనన్నచో ఊరిముందర అతని తల వంపుదుము. అట్లు వంగినది అతని తల మాత్రమే కాదు, మనది కూడను.

ఓటు అడుగుటకు పోయినప్పుడు అతడు అన్ని వీధులవారికిని మాట ఇచ్చినాడు. ఆ మాట నిలుపుకొననిచ్చుటయే మనము అతనికి చేయు సాయము. మన సంఘపు సత్రమునకుగాని, విద్యార్థి వసతిగృహమునకుగాని చెల్లవలసిన పన్ను బాకీయున్నచో, అతడు పదవి స్వీకరించుటకు పూర్వమే చెల్లించి రసీదు పుచ్చుకొందము. పోషకులు ఎన్నికకు ధనమిచ్చినచో, శాసనము విధించిన పరిమితిలోనిచ్చి, లెక్క వ్రాయించి, ప్రతిఫలము కోరకుందురుగాక. అతనిని అడుగవలసినది ఒక్కటే: ఊరిలో అందరికంటె చివర నీరందు వీధికి ఏమి చేసితివని సంవత్సరమున కొకసారి ఇట్టి సభలోనే అడుగుదము.

మన యువ న్యాయవాదులలో ఎవరేని రాబోవు ఎన్నికలలో నిలువ నిశ్చయించినచో, వారికి మా ఆశీస్సులు. వారు మనవారని గాక, ఊరివారని పదిమంది చెప్పుకొనునట్లు వర్తింతురుగాక.