చిన్న డబ్బా, పెద్ద డబ్బా: ఇంట్లో పాటకు ఏది చాలు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆంప్లిఫయర్ల గురించి పది నిమిషాలు మాట్లాడమనీ, లెక్కలు ఎక్కువ చెప్పవద్దనీ కార్యదర్శి గారి ఆజ్ఞ. ఒకటి రెండు లెక్కలు మాత్రం తప్పవు, మన్నించాలి.

సర్వీసులో ఉండగా కొనుక్కున్న బరువైన స్టీరియో సెట్లు మనలో చాలామంది ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పిల్లలేమో అరచేతిలో పట్టే చిన్న ఆంప్లిఫయర్ తెచ్చి, "నాన్నగారూ, ఆ పాతది తీసేయండి" అంటున్నారు. తీసేయాలా, వద్దా?

పాత పద్ధతిలో ట్రాన్సిస్టరు సగం తిప్పిన కుళాయి వంటిది. పాటను బట్టి కొంచెం తెరుచుకుంటుంది, కొంచెం మూసుకుంటుంది. అలా ఆపిన కరెంటంతా వేడిగా పోతుంది. క్లాస్ బి అనే పద్ధతిలో కాగితం మీద లెక్క వేసినా 78.5 శాతానికి మించి స్పీకరుకు చేరదు. తక్కువ శబ్దంతో వింటే అంతకూడా రాదు. అందుకే ఆ అల్యూమినియం రెక్కలు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువు. (దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి పూలసజ్జ పెట్టే అలవాటు దయచేసి మానండి.)

చిన్నదానిలో ట్రాన్సిస్టరు కుళాయి కాదు, స్విచ్చి. పూర్తిగా వేయడం, పూర్తిగా ఆపడం, అంతే. సెకనుకు నాలుగు లక్షల సార్లు ఆ పని చేసేవి సామాన్యం. ఎంతసేపు వేసి ఉంచాలి, ఎంతసేపు ఆపాలి అన్నది పాటను బట్టి మారుతుంది. చివర ఒక కాయిలు, ఒక కెపాసిటరు ఆ కుదుపులను నున్న చేసి స్పీకరుకు పంపుతాయి. వేడి తక్కువ. బాగా మోగించినప్పుడు నూటికి 90 దాకా స్పీకరుకే చేరుతుంది. దీన్ని క్లాస్ డి అంటారు. డి అంటే డిజిటల్ అని కొట్లో చెబుతారు గానీ, అది ఎ, బి, సి తర్వాత వచ్చిన అక్షరం మాత్రమే.

ఇక వాట్ల సంగతి. ఒకప్పుడు పీఎంపీవో పేరుతో టేప్‌రికార్డర్ల మీద వేల వాట్లు రాసేవారు, గుర్తుందా? ఆ జబ్బు పోలేదు. డబ్బా మీద 100 వాట్లు అని ఉంటుంది, లోపల 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. ఈ చిన్నవాటిలో ఎక్కువ రకాలకు ఒకటే లెక్క: 12ను 12తో హెచ్చిస్తే 144. ఎనిమిది ఓముల స్పీకరైతే 16తో భాగించండి. తొమ్మిది వాట్లు! 24 వోల్టుల అడాప్టరు పెడితే 36. అయినా నిరాశ పడనక్కరలేదు. వాట్లు రెండింతలైతే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. మన హాలులో పాట వినడానికి ఒక వాటు చాలా దూరం వస్తుంది.

నాణ్యత మాటకొస్తే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మంచి అడాప్టరుతో, గదిలో వినే స్థాయిలో, రెంటికీ తేడా పట్టడం చాలా కష్టం. స్పీకరు మారిస్తే చిన్నపిల్లవాడు కూడా పడతాడు. చౌక క్లాస్ డి సెట్లలో స్పీకరు ఓములను బట్టి పైస్థాయి శ్రుతులు కొద్దిగా మారతాయన్నది నిజమే. కానీ వయసుతో మన చెవులు ముందు పోగొట్టుకునేది ఆ శ్రుతులనే. మాటలు స్పష్టంగా లేవనిపిస్తే కొత్త ఆంప్లిఫయర్ కంటే ముందు చెవి పరీక్ష చేయించుకోండి.

చిన్నదానికి ఇబ్బందులు లేకపోలేదు. నాలుగు లక్షలకు రెట్టింపు ఎనిమిది లక్షలు, మూడింతలు పన్నెండు లక్షలు. రెండూ మీడియం వేవ్ రేడియో మీదనే పడతాయి. రేడియో పక్కన పెడితే గరగర రావచ్చు. ఇంకొకటి ముఖ్యం: పాత సెట్లలో రెండు స్పీకర్ల మైనస్ తీగలు లోపల సాధారణంగా ఒకటే. చిన్నవాటిలో చాలావరకు అలా కాదు, నాలుగు తీగల్లోనూ కరెంటు ఆడుతుంది. మైనస్‌లను కలిపితే చిప్పు కాలుతుంది. కాలితే బాగుచేయడం కంటే కొత్తది కొనడమే చౌక.

మొన్న మన సభ్యురాలు ఒకరు అడిగారు. వారి భర్తగారు పోయాక ఆయన సెట్టు "బుయ్"మంటోందట, పాత సామాన్లవాడికి ఇచ్చేయమని పిల్లలు అంటున్నారట. అమ్మా, ఇవ్వకండి. ఆ మోత చాలాసార్లు ఎండిపోయిన కెపాసిటరుదే, మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. మీరు మాత్రం మూత తీయవద్దు. ప్లగ్గు పీకినా లోపల చార్జి ఉంటుంది. మెకానిక్‌ను పిలిపించండి. పాత సెట్లకు ఉన్న గొప్ప సుగుణం ఇదే, విడి భాగాలు మార్చి బతికించవచ్చు.

కొత్తగా కొనేవారికి, ఇన్వర్టరు మీద వినేవారికి చిన్నదే నా సలహా. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. కరెంటు బిల్లు కోసమని మాత్రం మార్చకండి. ఊరికే ఉన్నప్పుడు 30 వాట్లు తినే పాత సెట్టు రోజూ అయిదు గంటలు వేసినా నెలకు నాలుగున్నర యూనిట్లే.

బయట వరండాలో రెండు రకాలూ పెట్టి, ఒకే జత స్పీకర్లకు మార్చి మార్చి తగిలించే ఏర్పాటు చేశాము. ఎక్కువ మోగేదే బాగుందనిపించడం సహజం గనుక రెంటి శబ్దాన్నీ మీటరుతో సమానం చేశాము. ఏది మోగుతోందో చెప్పము. భోజనాలయ్యాక వచ్చి వినండి, మీ ఊహ చీటీ మీద రాసి ఇవ్వండి. సెలవు.