కొండ మీద నేర్చుకున్న పాఠం

(రోగుల కుటుంబ సభ్యుల కూడికలో ఒక నర్సు చేసిన ప్రసంగం)

మీలో కొందరు రాత్రంతా వరండాలో చాప మీద పడుకుని లేచి వచ్చారని నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. ముందు ఒక కొండ నడక గురించి చెబుతాను. ఆ తర్వాత మీ మనసులో ఉన్న ప్రశ్న దగ్గరికి వస్తాను.

నేను ఇక్కడ నర్సింగ్ చదివి, కొన్నేళ్ళు బ్రిటన్‌లో పనిచేశాను. అక్కడ హాస్పిస్ సేవను దగ్గరగా చూశాను. హాస్పిస్ అంటే, జబ్బు ఇక నయం కాదని తెలిసిన రోగికి నొప్పి, ఆయాసం, భయం తగ్గించి, ఆ కుటుంబానికి తోడుగా నిలిచే సేవ. కొందరిని అక్కడే చేర్చుకుంటారు, కొందరిని నర్సులు ఇంటికి వెళ్ళి చూస్తారు. ఈ సేవకు నేటి రూపం ఇచ్చినవారు డేమ్ సిసిలీ సాండర్స్ గారు. ఆమె మొదట నర్సు. తర్వాత ఆసుపత్రిలో సామాజిక సేవకురాలు. ఆ తర్వాత వైద్యం చదివి డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. నొప్పి ఒంటికి మాత్రమే కాదు, మనసుకూ ఆత్మకూ కూడా ఉంటుందనీ, అన్నిటికీ కలిపి వైద్యం చేయాలనీ ఆమె బోధించారు.

బ్రిటన్‌లో హాస్పిస్ సేవకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ప్రభుత్వం ఇచ్చేది ఖర్చులో కొంత భాగమే. మిగతాది ప్రజలే సమకూర్చాలి. అందుకోసం జరిపే కార్యక్రమాల్లో కొండ నడక ఒకటి. పాల్గొనేవారు పేరు నమోదు చేసుకుని, ఒక ఫారం పట్టుకుని బంధువులు, స్నేహితులు, తోటి ఉద్యోగుల దగ్గరికి వెళ్తారు. "నేను ఈ కొండ ఎక్కుతాను, మీరు హాస్పిస్‌కు ఎంత ఇస్తారు?" అని అడుగుతారు. పన్ను కట్టేవారు ఒక పౌండు ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్ అనే పద్ధతి కింద ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది.

అలాంటి నడకకు నేనూ పేరిచ్చాను. వేల్స్ దేశంలో స్నోడన్ అనే కొండ. ఎత్తు 1085 మీటర్లు. మన విశాఖ మన్యంలో ఇంతకన్నా ఎత్తయిన కొండలున్నాయి. కాని అక్కడి గాలి, చలి, ఉన్నట్టుండి కమ్ముకునే మబ్బు వేరు. లాన్‌బెరిస్ ఊరి నుంచి పైకి వెళ్ళి తిరిగి రావడానికి దాదాపు 14 కిలోమీటర్లు, సుమారు ఆరు గంటల నడక. 1896 నుంచి అక్కడ చిన్న రైలు కూడా ఉంది. "రైలెక్కి పోవచ్చుగా సిస్టర్?" అని నా పేషెంటు ఒకాయన నవ్వారు. రైలెక్కితే ఫారం మీద ఎవరు సంతకం పెడతారండీ!

ఆ నడకలో ప్రతి ఒక్కరూ వీపున ఒక కాగితం తగిలించుకున్నారు. దాని మీద తాము ఎవరి జ్ఞాపకార్థం నడుస్తున్నారో వారి పేరు. నా కాగితం మీద "నాన్న" అని తెలుగులో రాసుకున్నాను.

మా నాన్నగారు క్యాన్సర్‌తో పోయారు. అప్పటికే నేను నర్సును. ఒక ఆసుపత్రిలో "ఇక చేసేదేమీ లేదు, తీసుకుపొండి" అన్నారు. తీసుకొచ్చాం. నొప్పికి మార్ఫిన్ అడుగుదామంటే "అది మత్తుమందు, ఇస్తే తొందరగా పోతాడు" అని ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా నిలబడలేదు. ఆయన పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ బాధను నేను సముద్రాలు దాటి మోసుకెళ్ళాను.

మాతో ఇద్దరు గైడ్లు వచ్చారు. ఒకరు అందరికన్నా ముందు, ఒకరు అందరికన్నా వెనక. బయలుదేరే ముందు సంచులు తెరిపించి చూశారు. వానకోటు, వెచ్చని టోపీ, చేతి తొడుగులు, నీళ్ళు, తిండి ఉన్నాయా అని అడిగారు. బీపీ, షుగరు, ఆస్తమా ఉంటే దాచకుండా చెప్పమన్నారు. అందరిలో నెమ్మదిగా నడిచేవారి నడకే మనందరి నడక అని చెప్పారు.

సగం దూరం బాగానే నడిచాను. ఆ తర్వాత నిట్రంగా ఉన్న చోట గాలి ఎక్కువైంది. మబ్బు దిగింది. నా మోకాలు పట్టేసింది. చలికి వణుకు మొదలైంది. వెనక వస్తున్న గైడు నన్ను ఒక రాయి మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా కప్పి, వేడి టీ ఇచ్చింది. నా ముఖం చూసి, "ఇక్కడి నుంచి మనం కిందికి వెళ్దాం" అంది. నాకు ఏడుపొచ్చింది. అంతమంది దగ్గర సంతకాలు తీసుకున్నాను, నాన్న పేరు పెట్టుకున్నాను, సగంలో దిగిపోతే ఎలా అన్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "శిఖరం చేర్చడం ఒక్కటే నా పని కాదు. మిమ్మల్ని క్షేమంగా తోడుండి తీసుకెళ్ళడం నా పని. దారి మారింది, అంతే. నేను మిమ్మల్ని వదిలిపెట్టడం లేదు."

కిందికి దిగినంతసేపూ ఆమె నా చెయ్యి వదల్లేదు. ఫారం మీద సంతకం పెట్టినవారిలో ఒక్కరు కూడా శిఖరం చేరలేదని డబ్బు ఆపలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. "ఇక నయం కాదు" అని డాక్టరు చెబితే, వైద్యం ఆపితే మనం అమ్మను, నాన్నను, భర్తను వదిలేసినట్టేనా? ప్రియులారా, కాదు. నయం చేసే వైద్యానికి ఒక హద్దు ఉంది. తోడుకు, నొప్పి తగ్గించడానికి హద్దు లేదు. "చేసేదేమీ లేదు" అనే మాట నిజం కాదు. చేయవలసింది చాలా ఉంది.

మొదటిది, నొప్పి. మార్ఫిన్ అంటే భయపడకండి. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది వ్యసనమవడం అరుదు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, చెప్పిన వేళకు ఇవ్వాలి. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు అడగండి. మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు, అకస్మాత్తుగా ఆపవద్దు. వేరొకరికి ఇవ్వవద్దు. ఈ మందు దొరకడం సులువు కావాలని 2014లో మన దేశ చట్టాన్ని కూడా సవరించారు.

రెండవది, సహాయం ముందుగానే అడగండి. మన దేశంలో మొదటి హాస్పిస్, శాంతి అవేద్నా సదన్, 1986లో ముంబైలో మొదలైంది. 1993లో కాలికట్‌లో పాలియేటివ్ కేర్ సొసైటీ ఏర్పడింది. కేరళలో ఊరివారే రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే పద్ధతి అక్కడి నుంచే పెరిగింది. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. మీకు దగ్గరలో ఏముందో మీ వార్డు సిస్టర్‌ను అడగండి. ఆఖరి రోజుదాకా ఆగకండి.

మూడవది, రోగినే అడగండి. ఎక్కడ ఉండాలని ఉంది, ఎవరిని చూడాలని ఉంది, ఏమి తినాలని ఉంది? ఆయనకు తెలియకూడదని ఇంట్లో అందరూ గుసగుసలాడుతుంటే, ఆయన ఒంటరివాడైపోతాడు.

నాలుగవది, మీ సంగతి. వంతులు వేసుకోండి. వేళకు తినండి, నిద్రపోండి. అది స్వార్థం కాదు.

మీ పిల్లలు బ్రిటన్‌లో ఉండి ఇలాంటి నడకకు పేరిచ్చామంటే, సంతోషించి నాలుగు మాటలు చెప్పండి. కొన్ని వారాల ముందు నుంచి మెట్లెక్కడం, నడవడం అలవాటు చేసుకోవాలి. కొత్త బూట్లతో కొండెక్కకూడదు. గైడు ఆగమంటే ఆగాలి. పోగైన డబ్బు ఎవరికి చేరుతుందో ముందే తెలుసుకోవాలి. ఇక్కడున్న మనకు కొండ అక్కర్లేదు. మీ వీధిలో మంచాన ఉన్న రోగి ఇంటికి నడవండి. ఒక్క పూట ఆయన దగ్గర కూర్చుంటే, ఆ ఇల్లాలు కాసేపు కన్ను మూస్తుంది.

నిర్గమకాండము 17వ అధ్యాయంలో కొండ మీద మోషే చేతులు బరువెక్కి వాలిపోతాయి. అహరోను, హూరు ఆయనను రాతి మీద కూర్చోబెట్టి, చెరొక పక్కన నిలబడి సాయంకాలం వరకు ఆ చేతులను ఎత్తి పట్టుకుంటారు. మోషే అలసిపోయాడని ఎవరూ నిందించలేదు. మీరు ఏ మతం వారైనా సరే, ఈ రోజు మీరు చేస్తున్నది ఆ పనే. మీ చేతులు బరువెక్కినప్పుడు మమ్మల్ని పిలవండి. దేవుడు మిమ్మల్ని బలపరచును గాక.