నలభై మిల్లీ ఓమ్‌ల పాఠం

నల్ల గౌన్లలో ఉడికిపోతున్న పిల్లలకు ఆశీస్సులు. మర్యాదలు ఇంతటితో సరి. మీ అమ్మానాన్నలు ఫొటోల కోసం ఎదురుచూస్తున్నారు.

నేను కంట్రోల్స్ పని నేర్చుకున్నది ఇచ్ఛాపూర్‌లో. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలోది. మా అమ్మా అలాగే పొరబడి, "దగ్గరేగా, ఆదివారం వచ్చిపోరా" అంది.

అక్కడో ఎండాకాలం, ఒక కాలేజీ పిల్లలు తాము కడుతున్న హైబ్రిడ్ బండి చూడమని నన్ను పిలిచారు. చిన్న ఇంజను, ఒక మోటారు, 48 వోల్టుల బ్యాటరీ. ఛార్జి తగ్గితే ఇంజను లేవాలి, నిండితే ఆగాలి. ల్యాప్‌టాప్‌లో సిమ్యులింక్ మోడల్ నడిపి చూపించారు. గ్రాఫు వెన్నపూసలా ఉంది. "భేష్" అని సంతకం పెట్టేశాను.

తీరా రోడ్డెక్కించాక, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను లేస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. మళ్లీ తొక్కితే మళ్లీ అదే. సూరత్ మగ్గాలను నమ్ముకుని వచ్చిన మన పద్మశాలీ పెద్దాయన ఒకరు నిలబడి చూసి, "బండికి ఎక్కిళ్లు పట్టినయ్ సార్, నీళ్లు తాపున్రి" అన్నాడు.

రెండు రోజులకు జబ్బు దొరికింది. మా కంట్రోలరు ఛార్జిని వోల్టేజి చూసి అంచనా వేస్తోంది. బ్యాటరీ లోపలి నిరోధం 40 మిల్లీ ఓమ్‌లు. మోటారు 100 ఆంపియర్లు లాగితే 4 వోల్టులు పడిపోతాయి. పిచ్చి కంట్రోలరు బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఇంజన్ని లేపుతుంది. లోడు తగ్గగానే వోల్టేజి కోలుకుంటుంది, నిండిందనుకుని ఆపేస్తుంది. మోడల్‌లో ఆ నిరోధం సున్నా! అది సీనియర్ల ఫైలు. చేతులు మారుతూ వచ్చింది, అందులోని బ్యాటరీ బ్లాకును తెరిచి చూసినవాడు లేడు. నేనూ చూడలేదు. సంతకం మాత్రం నాదే.

మందు చిన్నదే. 40 శాతం దగ్గర లేచిన ఇంజను 60 దాకా ఆగకూడదన్నాం. ఛార్జిని వోల్టేజితో కాక, వచ్చీపోయే కరెంటును లెక్కగట్టి తేల్చాం. ఎక్కిళ్లు తగ్గాయి.

నా బెంగ ఆ సున్నా గురించే. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కొచ్చి బైండింగు మాత్రం సొంతంగా చేయించిన మహానుభావులు ఇక్కడా ఉన్నారు. నవ్వకండి, ముందు నవ్వినవాళ్లనే అనుమానిస్తాను. మోడల్‌లో కొన్ని వదిలేయడం తప్పు కాదురా. ఏం వదిలేశావో తెలియకపోవడం తప్పు. అనుమానించడం ఎలాగో కాలేజీ పిల్లలు సొంతంగా కార్లు కట్టి దిగే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో చూడండి. అక్కడ విద్యుత్ కారు యాక్సిలరేటర్ పెడల్‌కు కనీసం రెండు సెన్సర్లు ఉండాలి. వాటి లెక్కలు 10 శాతానికి మించి, 100 మిల్లీసెకన్ల పైన తేడాపడితే మోటారుకు కరెంటు కట్. రూలు రాసినవాళ్లకు మీ మీద కోపం లేదు, సెన్సరు మీద నమ్మకం లేదు. ఆ అపనమ్మకం మీ మోడల్ మీద మీకూ ఉండాలి.

ఇంటికెళ్లి మీ ఫైనలియర్ ప్రాజెక్టు తెరవండి. సున్నా ఉన్న ప్రతిచోటా అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో పక్కన రాయండి. రాయలేకపోతే నాకు ఉత్తరం రాయండి. తిట్టి మరీ జవాబిస్తాను. శుభం.