పాణి ఎదిగిండు, మరి వనజ సంగతేంది?

నెల్లికుదురు తండాల నుంచి, చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

ఈరోజు ఒక కథలోని యువకుడి గురించి చెప్తా. పేరు సారంగపాణి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో ఉంటడు. రంగాచార్య పరాయి మనిషి కాదు, మన మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1928లో పుట్టినాయన. నిజాం మీద పోరాటంలో ఉన్నాయన.

కథ 1938కి ముందటి తెలంగాణది. పాణి పాటగాడు. బతుకుదెరువు కోసం విజయవాడ దిక్కు నుంచి వచ్చి దేశ్‌ముఖ్ రామారెడ్డి గడిలో చేరుతడు. కడుపు నిండింది, పాటకు మెప్పు దొరికింది. చిక్కంతా అక్కడే. గడిలో కట్టెలు మోసింది వెట్టి, నీళ్లు తోడింది వెట్టి, వడ్లు దంచింది వెట్టి. తాను తినే బువ్వ ఎవరి చెమటో అతనికి మెల్లమెల్లగా కనబడుతది. దొర చెడ్డోడని తెలుసుకోవడం పెద్ద పని కాదు, ఊళ్లో పసిపిల్లకూ తెలుసు. దొర మనతో మంచిగున్నప్పుడు కూడా చెడును చెడు అనాలంటే కష్టం. ఇప్పుడైనా అంతే కదా! పోడు పట్టా ఇప్పిస్తనని మీ భుజం మీద చెయ్యేసిన నాయకుడే పక్కింటి పేరు జాబితాలోంచి తీయిస్తే మీరేమంటరు?

ఇక వనజ. ఆమె ఆడబాప. అంటే దొరల ఇంటి దాసి. దొర బిడ్డకు పెండ్లయితే సామానుతో పాటు వెంట పంపేవాళ్లు. ఆ పిల్ల ఒళ్లు ఆ పిల్లది కాదు. నవల ఆమె దుఃఖాన్ని చూపింది, నిజమే. కానీ కథ ఎక్కువసేపు పాణి వెంట, దొర బిడ్డ మంజరి వెంట నడుస్తది. ఎదిగే అవకాశం అతిథికి, దొర బిడ్డకే ఎక్కువ. నాకు ఇది లోటే.

కాస్త తర్వాతి కాలంలో, జనగామ దిక్కు ధర్మాపురం తండా లంబాడీలు తమ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడ్డరు. జాటోత్ ఠాను నాయక్ 1950లో ప్రాణమిచ్చిండు. ఆ తండాలో పదిహేనేండ్ల పిల్లలు కూడా ఉండే ఉంటరు కదా. దొర మనుషుల ముందు మొదటిసారి తలెత్తిన రోజు వాళ్లకూ ఒకటి ఉంటది. వాళ్ల మనవరాళ్లు మీ ఈడువాళ్లే.

ఈ నవల చదవండి. చదివినంక ఇంట్లో అవ్వ పక్కన కూసోని, భయం పోయిన రోజు ఏదని అడగండి. గోర్‌బోలీలో చెప్తే గోర్‌బోలీలనే, కోయలో చెప్తే కోయలనే, తెలుగు అక్షరాలతో రాసి పట్టుకురండి.