ఆయాసం ఉన్నవాళ్ళందరికీ ఆక్సిజన్ కావాలా?



ఇంట్లో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఆయాసపడుతుంటే, చూసిపోవడానికి వచ్చినవాళ్ళు "ఆక్సిజన్ మెషీను కొనకూడదూ?" అనేసి వెళ్తారు. ఆ మాట పడలేక అప్పుచేసి కొనేవాళ్ళున్నారు. కానీ ఆయాసం వేరు, రక్తంలో ప్రాణవాయువు తగ్గడం వేరు. నాలుగు మెట్లెక్కితే రొప్పే మనిషికి అది సరిపడా ఉండవచ్చు. అంతగా రొప్పని మనిషికే బాగా తగ్గి ఉండవచ్చు. చుట్ట ముట్టకపోయినా, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన మన అత్తగార్లకూ ఈ జబ్బు వస్తుంది. "వయసు కదా" అని వాళ్ళు సరిపెట్టుకుంటారు, మనమూ సరిపెట్టేస్తాం.

కరోనా రోజుల్లో కొన్న వేలి మీటరు బీరువాలో ఉంటే తీయండి. కదలకుండా కూర్చున్నప్పుడు 92 గాని, అంతకు తక్కువగాని చూపిస్తుంటే డాక్టరుకు చెప్పండి. గోళ్ళరంగు, చల్లబడ్డ వేళ్ళు లెక్క తప్పిస్తాయి. నల్లని ఒంటివారికి ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అందుకే మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి తేలుస్తారు. అందులో ప్రాణవాయువు ఒత్తిడి 55 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉంటే ఇంట్లో ఆక్సిజన్ అవసరమే. 56 నుంచి 59 ఉండి, గుండె మీద భారం పడి కాళ్ళు వాచినా, రక్తం చిక్కబడినా అవసరమే.

ఈ పరీక్ష ఎప్పుడు చేశారన్నది ముఖ్యం. కఫం ముదిరి ఆసుపత్రిలో చేరిననాటి లెక్కతో జీవితాంతం ఆక్సిజన్ అని తీర్మానించకూడదు. మందులు సరిగా వాడి, కుదుటపడి, రెండు నెలలు గడిచాక, మూడు వారాల ఎడంగా రెండుసార్లు చూడాలి. ఆక్సిజన్‌తో ఇంటికి పంపినా, రెండు మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేయించండి. కొందరికి ఆపేయవచ్చు.

1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలు బాగా తగ్గినవారికి ఆక్సిజన్ ఆయుస్సు పెంచుతుందని చూపాయి, రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటేనే సుమండీ! ఆయాసం వచ్చినప్పుడు పావుగంట పెట్టి తీసేస్తే ఆ ఫలితం రాదు. రాత్రి నిద్రంతా కలిస్తే సగం పైన గడిచిపోతుంది. కొద్దిగా మాత్రమే తగ్గిన 738 మందిని పరిశీలించిన 2016 నాటి అమెరికా పరిశోధనలో ఆయుస్సు పెరగలేదు, ఆసుపత్రి తిప్పలూ తగ్గలేదు.

డాక్టరు చెప్పిన మోతాదును మనంతట మనం పెంచకూడదు. కొందరికి ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయి, పొద్దున్నే తలనొప్పి, మత్తు వస్తాయి. కరెంటు పోతే ఆదుకోవడానికి సిలిండరొకటి ఉంచుకోండి. ఆ గొట్టం పెట్టుకుని వంటింట్లోకి గాని, దేవుడి దీపం దగ్గరికి గాని వెళ్ళనివ్వకండి. అగరొత్తి కూడా వద్దు.