‘వై’ నొక్కే ముందు



నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లో ఐటీ చదవని మనలాంటి అధికారుల టేబుల్ మీదికి కూడా చేంజ్ రిక్వెస్టులు వస్తున్నాయి. సర్వర్‌లో ఒక ప్యాకేజీ వేయాలనో, తీసేయాలనో అందులో ఉంటుంది. అది టెక్నికల్ వ్యవహారం కదా అని సంతకం పెట్టేస్తే, మేకరే తప్ప చెకర్ లేనట్టే.

లైనక్స్ సర్వర్లలో ఈ పని ఎక్కువగా కమాండ్ టైపు చేసే జరుగుతుంది. డెబియన్ కుటుంబంలో ‘ఆప్ట్’, రెడ్ హ్యాట్ కుటుంబంలో ‘డీఎన్‌ఎఫ్’ వాడతారు. మన సీ-డాక్ తయారుచేసిన ‘బాస్’ కూడా డెబియన్ మీద కట్టినదే.

‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ అనగానే ఆ ప్యాకేజీ ఒక్కటే రాదు. అది ఆధారపడే ప్యాకేజీలన్నీ వెంట వస్తాయి. అవి అసలు భాండాగారం నుంచే వచ్చాయా అని డిజిటల్ సంతకంతో సరిచూస్తుంది. చెక్కు మీద సంతకం మనం పోల్చినట్టే. అందుకే బయటి వెబ్‌సైటు నుంచి దించి నేరుగా వేస్తామంటే ఒప్పుకోకూడదు.

తీసేయడం ఇంకా జాగ్రత్తగా చేయాల్సిన పని. హామీదారు తప్పుకుంటే ఆ లోను సంగతి ఏమిటని మనం అడుగుతాం. ఇక్కడా అంతే. ఒక ప్యాకేజీ తీస్తే, దాని మీద ఆధారపడినవన్నీ కూడా పోతాయి. ఆ జాబితా తెర మీద చూపించి ‘సరేనా?’ అని యంత్రం అడుగుతుంది. చదవకుండా ‘వై’ నొక్కితే, మర్నాడు కౌంటర్ దగ్గర నిలబడేది పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన.

ఇంకో సంగతి. ‘రిమూవ్’ అంటే ప్యాకేజీ పోతుంది కాని దాని సెట్టింగుల ఫైళ్లు మిగులుతాయి. వాటిలో పాస్‌వర్డ్ ఉండవచ్చు. ఆ ఫైళ్లు కూడా పోవాలంటే ‘పర్జ్’ అనాలి.

సంతకం సరిపోయినంత మాత్రాన సరుకు మంచిదని కాదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెతికి పట్టుకున్నారు. అప్పటికి అది డెబియన్ పరీక్ష శాఖల్లోకి వచ్చింది కాని స్థిర వెర్షన్‌లోకి చేరలేదు. పది పైసల తేడా వచ్చినా లెక్క తేలేదాకా ఇంటికి వెళ్లని పాతకాలపు క్లర్కు బుద్ధి అది.

కాబట్టి ఫైలు మీద నాలుగు ప్రశ్నలు రాయండి. ప్యాకేజీ ఎక్కడి నుంచి వస్తోంది? నిజంగా మార్చకుండా ‘హైఫన్ ఎస్’ పెట్టి నడిపి చూసిన నమూనా ఫలితం జతచేశారా? టెస్ట్ సర్వర్‌లో ముందు వేశారా? వెనక్కి వెళ్లే దారి ఏమిటి? డీఎన్‌ఎఫ్‌లో ‘హిస్టరీ అన్‌డూ’ ఉంది. కాని పాత వెర్షన్ భాండాగారంలో లేకపోతే అది పనిచేయదు.

చివరిగా లాగ్‌లు. ఏ రోజు ఏం వేశారో, ఏం తీశారో ఆప్ట్ రాసిపెడుతుంది. ఢిల్లీలోని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలపాలి. ఆ 6 గంటల్లో మనకు సాక్ష్యం ఆ లాగ్‌లే.

కమాండ్ టైపు చేయడం మన పని కాదు. అది అడిగే ‘సరేనా?’కు జవాబు చెప్పడంలో మాత్రం మన సంతకానికీ వాటా ఉంది.