మన గుట్టు విన్న ప్లీడరు అవతలి పక్కన నిలబడితే

(పెదకూరపాడులో కార్యకర్తల కూటంలో చేసిన ప్రసంగం)

 

మిరపకాయ కోతలకు పోయొచ్చి అలిసిపోయి ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. మా పెదనాన్న సంగతితో మొదలుపెడతా.

ఆయనకు ప్రభుత్వం ఎకరం బంజరు పట్టా ఇచ్చింది. పక్క చేను పెద్దరైతు దాన్ని తన చేలో కలుపుకొని దున్నుకున్నాడు. పెదనాన్న టౌన్లో ఒక ప్లీడరు దగ్గరికి పోయాడు. ‘నా దగ్గర ఏదీ దాచొద్దు’ అన్నాడాయన. పెదనాన్న దాచలేదు. కూతురి పెళ్లికి ఆ రైతు దగ్గరే అప్పు తెచ్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేసిన సంగతి మా పెద్దమ్మకు కూడా తెలియదు. ప్లీడరుకు చెప్పాడు. ఆయన దావా రాశాడు, రెండు వాయిదాలు చూశాడు, ఫీజు చాలలేదని కట్ట తిరిగిచ్చేశాడు. ఇంకొకర్ని పెట్టుకున్నాం. ఏడాది తిరిగాక పెదనాన్న బోనెక్కితే ఆ మొదటి ప్లీడరే రైతు తరఫున లేచాడు. ‘వేలిముద్ర వేశావా, లేదా?’ అని అడిగాడు. పెదనాన్నకు నోట మాట రాలేదు. ఆ తెల్లకాగితం అప్పటికే అమ్మకం కాగితమైపోయింది.

అసైన్డు భూమి అమ్మినా చెల్లదని 1977 నాటి 9వ చట్టం చెప్పింది. ఆ మాట మన తరఫున అనాల్సినవాడు అవతల కూర్చున్నాడు. భూమి పోయింది. ‘అమ్ముడుపోయాడు’ అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాం. తిట్టడం తప్ప ఇంకేం చెయ్యొచ్చో మాలో ఒక్కరికీ తెలియదు.

చెయ్యొచ్చు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 33వది చూడండి. ఒక వ్యవహారంలో నీకు సలహా చెప్పినా, నీ దావా కాగితం రాసినా, నీ తరఫున పనిచేసినా ఆ ప్లీడరు నీ ఎదుటిపక్షానికి పనిచెయ్యకూడదు, వాదించకూడదు. ఫీజు ఆపేశావనో, కట్ట తీసేసుకున్నావనో ఇది రద్దు కాదు. గుట్టు సంగతి వేరే ఉంది. నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఆయన బయట పెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షన్ అన్నది. 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన కొత్త చట్టంలో అది 132వ సెక్షన్. కేసు ముగిసిపోయినా ఆ బాధ్యత ముగియదు. (ఇకముందు చేయబోయే నేరం గురించి చెబితే మాత్రం ఈ రక్షణ లేదు. అది కూడా తెలిసుండాలి.)

రాజస్థాన్‌లో ఒక వకీలు క్రిమినల్ కేసులో ఇటు నుంచి అటు మారాడు. అక్కడి బార్ కౌన్సిల్ మూడేళ్లు ప్రాక్టీసు ఆపింది. 1983లో సుప్రీంకోర్టు తప్పు తప్పేనని చెప్పి, శిక్షను ఏడాదికి తగ్గించింది. ఏడాదేనా అని నాకూ అనిపించింది. అయినా శిక్ష పడింది కదా.

ఒక జాగ్రత్త. 33వ నిబంధన సూటిగా తగిలేది అదే వ్యవహారంలో. పదేళ్ల కిందట నీ ఇంటిస్థలం తగాదా చూసినాయన ఇవాళ సంబంధం లేని వేరే కేసులో అవతల నిలబడితే, అంతమాత్రాన తప్పు పట్టలేం. అప్పుడు విన్న గుట్టు ఇప్పుడు వాడితే పట్టొచ్చు. ప్రతి నల్లకోటు మీదా అనుమానపడి ఫిర్యాదులు రాస్తే అసలు ఫిర్యాదుకు విలువ పోతుంది. నల్లకోట్లలో మన పిల్లలూ ఉన్నారు, ఈ కట్టుబాటు వాళ్లకూ వర్తిస్తుంది.

అట్రాసిటీ కేసుల్లో ఇది ప్రాణాల మీదికొస్తుంది. దాడి జరిగిన రాత్రి రిపోర్టు రాయించుకోవడానికి దొరికిన వకీలు దగ్గరికి పరుగెత్తుతాం. ఎవరు చూశారు, ఎవరు భయపడుతున్నారు, ఎవరు ఏ ఊళ్లో తలదాచుకున్నారు, అన్నీ చెప్పేస్తాం. వారం తిరిగేసరికి ముద్దాయిల బెయిలు పిటిషన్ మీద ఆయన సంతకమే ఉంటే? 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలు విషయం మనకు ముందుగా తెలపాలి, మన మాట వినాలి. ఆ రోజే లేచి జడ్జిగారికి చెప్పండి, రాసివ్వండి: ‘ఈయన మా కాగితాలు రాసినాయన.’

పి.పి. కూడా మన సొంత ప్లీడరు కాదు, ప్రభుత్వం ప్లీడరు. మనకు నమ్మకమున్న సీనియర్ వకీలు కావాలంటే 1995 నిబంధనల్లో 4(5) కింద కలెక్టరును అడగొచ్చు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని పోగొట్టుకున్న చుండూరు జనం తమకు నమ్మకమున్న బి. చంద్రశేఖర్‌గారిని స్పెషల్ పి.పి.గా తెచ్చుకున్నారు. 2007లో ఊళ్లోనే పెట్టిన కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది, అది వేరే గాయం. అంతకుముందు 1985లో కారంచేడు జరిగినప్పుడు బొజ్జా తారకంగారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టలేదు, రాజీనామా చేసి బాధితుల వైపు వచ్చారు.

ఇక పని. ప్లీడరుకు ఏ కాగితం ఇచ్చినా నకలు తీసుకోండి. ఏ తేదీన, ఎవరికి, ఏమిచ్చామో నోటుబుక్కులో రాయండి. వకాల్తా నకలు తప్పకుండా ఉంచుకోండి, రేపు రుజువు అదే. ఫీజు బాకీ ఉందని కట్ట ఆపే హక్కు వకీలుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది, అడిగి తెచ్చుకోండి. పక్షం మారితే 1961 న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయండి. ఏడాదిలో తేల్చకపోతే అది ఢిల్లీ కౌన్సిల్‌కు పోతుంది. డబ్బులేదని వెనక్కి తగ్గొద్దు. 1987 చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

సత్తెనపల్లిలోనో గుంటూరులోనో కేసులు నడుస్తున్నవాళ్లు కాగితాలు తెచ్చుకొని ఇక్కడే కూర్చోండి. ముందు వకాల్తా ఎవరి పేరున ఉందో చూద్దాం. చదవలేనివాళ్లకు ఈ కాలేజీ పిల్లలు చదివి చెబుతారు.